లాగే కుక్కకు కట్టే తాడు: ఒక ధర్మవిచారణ

ముప్పై నలభై కిలోల బరువున్న పెంపుడు కుక్క నడకలో యజమానిని ముందుకు ఈడ్చుకుపోతున్నప్పుడు దానికి ఎటువంటి మెడపట్టీ వేయాలి, ఎటువంటి తాడు కట్టాలి అన్న ప్రశ్న పైకి అంగడిలో తేలిపోయే కొనుగోలు వ్యవహారంగానే కనిపిస్తుంది. అయితే ఆ అంగడిలో వేలాడుతున్న వస్తువుల్లో ఒకటి జంతువును నొప్పితో ఆపుతుంది, ఒకటి ఊపిరి బిగించి ఆపుతుంది, ఒకటి దాని బలాన్ని పక్కకు మళ్లిస్తుంది, మరొకటి అది పోగల దూరానికి హద్దు పెట్టి ఊరుకుంటుంది. వీటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి, తెలిసో తెలియకో, ఒక ప్రాణి మరొక ప్రాణిని ఏ అధికారంతో కట్టవచ్చు, కట్టిన తరువాత ఎంతదూరం పోవచ్చు, హితం కోసం బాధను సాధనంగా వాడవచ్చా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినట్టే అవుతుంది. భారతీయ ధర్మచింతన ఈ మూడింటినీ చాలాకాలం కిందటే ఎదుర్కొన్నది. కట్టడం తప్పనిసరి అయిన చోట కూడా క్రూరత్వం తప్పనిసరి కాదని, పరికరాన్ని ఎంచుకునేటప్పుడు కుక్క ఎంత బలంగా లాగుతుందన్న లెక్క కన్నా ముందు, తాడు పట్టుకున్న చేయి ఏమరుపాటులోనో కోపంలోనో ఏమి చేయగలదన్న లెక్క వేసుకోవాలని ఆ చింతన ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లాగడమనే క్రియను అర్థం చేసుకోవాలి. పెద్ద కుక్క సహజమైన నడక మనిషి నడకకన్నా వేగమైనది. వీధిలోని ప్రతి స్తంభమూ ప్రతి మలుపూ దానికి వాసనల రూపంలో కబుర్లు అందిస్తాయి. తాడు బిగిసినప్పుడల్లా వెనుకనున్న మనిషి ఒక అడుగు ముందుకు వేస్తాడు కనుక, లాగితేనే చేరవలసిన చోటికి చేరతామన్న పాఠం దానికి రోజూ రెండు పూటలా అందుతూనే ఉంటుంది. దీనికి తోడు, వెనక్కి గుంజిన కొద్దీ ముందుకు ఒరిగి నిలదొక్కుకునే అలవాటు దాని శరీరంలో ఉన్నది. ఇంత సాదా కారణాలున్న పనిని మొండితనమని, యజమాని మీద పెత్తనం చేసే ప్రయత్నమని పేరు పెట్టడం వల్ల వచ్చిన కీడు తక్కువ కాదు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలన్న భావన ఆ పేరు వెంటనే వస్తుంది, శిక్ష కోసం చేసిన పరికరం ఆ భావన వెంట వస్తుంది.

శిక్ష పడేది మెడ మీద. కుక్క శ్వాసనాళం మృదులాస్థితో, అంటే వంగే స్వభావమున్న కణజాలంతో ఏర్పడిన ఉంగరాల వరుస. ఆ ఉంగరాలు పూర్తిగా మూసుకోవు, వెన్నువైపు వాటిని కండరపు పొర కలుపుతుంది. దాని పక్కనే అన్ననాళం, తలనుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిరలు, థైరాయిడ్ గ్రంథి, వీటికి పైన మెడ వెన్నుపూసలు ఉంటాయి. మెడపట్టీకి ఎదురుగా లాగుతున్న కుక్కల కళ్లలోపలి ఒత్తిడి పెరిగిందని, ఛాతీకి తొడిగే పట్టీతో లాగినప్పుడు అలా పెరగలేదని 2006లో వెలువడిన ఒక పశువైద్య పరిశోధన చూపింది. కృత్రిమమైన మెడ నమూనా మీద రకరకాల మెడపట్టీలను పరీక్షించిన 2020 నాటి బ్రిటిష్ పరిశోధన, గట్టిగా లాగినప్పుడూ ఒక్కసారిగా గుంజినప్పుడూ వాటిలో ఏదీ పూర్తిగా నిరపాయం కాదని తేల్చింది. ఒత్తిడి అంటే బలాన్ని అది పడే వైశాల్యంతో భాగించగా వచ్చేది కనుక పట్టీ వెడల్పు రెట్టింపైతే మెడమీద ఒత్తిడి ఇంచుమించు సగానికి తగ్గుతుంది. సన్నని గొలుసు అదే బలాన్ని ఒక గీతమీదికి తెచ్చి గుచ్చుతుంది. దగ్గుతూ, గురకపెడుతూ, ముందుకాళ్లు గాలిలోకి లేపి మరీ లాగే కుక్కను నగరాల కాలనీ వీధుల్లో పొద్దున్నే చూడవచ్చు. ఆ దగ్గు జలుబు వల్ల వచ్చినది కాదు.

ధర్మగ్రంథాలలో కుక్క స్థానం ఒకేతీరుగా లేదు. మనుస్మృతి శ్రాద్ధభోజనం మీద కుక్క చూపు పడరాదన్నది. అదే గ్రంథం వైశ్వదేవంలో, అంటే గృహస్థు తాను తినే ముందు సమస్త భూతాలకూ అన్నభాగం సమర్పించే నిత్యకర్మలో, కుక్కలకూ కాకులకూ పురుగులకూ నేలమీద అన్నం పెట్టమన్నది. భగవద్గీత ఐదవ అధ్యాయంలో పండితుని సమదృష్టికి పాత్రమైన ప్రాణుల్లో బ్రాహ్మణునితో, ఆవుతో, ఏనుగుతో పాటు కుక్కను కూడా పేరు పెట్టి చెప్పారు. కాలభైరవునికి అది వాహనం. దత్తాత్రేయుని చెంతనున్న నాలుగు కుక్కలను భక్తులు నాలుగు వేదాలుగా భావిస్తారు. గడప లోపలికి రానివ్వని ప్రాణినే దైవం పక్కన నిలిపిన ఈ సంప్రదాయంలో దానితో మనిషి నడవడిక ఎలా ఉండాలన్న ప్రశ్నను అన్నిటికన్నా సూటిగా అడిగినది మహాభారతం.

మహాభారత కథ మొదట్లో ఒక కుక్క, చివర్లో ఒక కుక్క ఉన్నాయి. పాండవుల వంశపు రాజు జనమేజయుడు తమ్ములతో కలిసి కురుక్షేత్రంలో దీర్ఘసత్రయాగం చేస్తుండగా సారమేయుడనే కుక్కపిల్ల అక్కడికి వచ్చింది. రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దాన్ని కొట్టారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను తల్లి, దేవశునకమైన సరమ, వెంటనే వెనకేసుకు రాలేదు. నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావని మొదట అడిగింది. హవిస్సును, అంటే హోమద్రవ్యాన్ని నాకలేదని, దానివైపు చూడనైనా లేదని బిడ్డ చెప్పిన తరువాతనే ఆమె యాగశాలకు వెళ్లి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. వారి దగ్గర జవాబు లేదు. ఊహించని భయం మీకు కలుగుతుందని ఆమె శపించింది. జనమేజయుడు కలవరపడి, ఆ దోషాన్ని శాంతింపజేయగల పురోహితుని కోసం వెతికి సోమశ్రవసుణ్ణి తెచ్చుకున్నాడు. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఈ కథను ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోకి తెచ్చి తెలుగువారికి పరిచితం చేశాడు. సరమ వాదంలోని బలమంతా ఆమె మొదట వేసిన ప్రశ్నలో ఉన్నది: తప్పు ఉంటే దండన గురించి మాట్లాడవచ్చు, తప్పు లేనిచోట దండన అన్న మాటకే తావు లేదు. వీధిలో వేగంగా నడవడం కుక్క చేసిన తప్పు అని ఎవరూ నిరూపించలేరు కనుక, ఆ నడకకు నొప్పి పుట్టించే మెడపట్టీ సరమ అడిగిన ప్రశ్న ముందు నిలవదు.

రెండవ కుక్క మహాప్రస్థానంలో వస్తుంది. రాజ్యం వదిలి హిమాలయం వైపు నడిచిన పాండవుల వెంట ఒక కుక్క బయలుదేరింది. దాన్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ కట్టలేదు. ద్రౌపదీ, నలుగురు తమ్ములూ ఒక్కొక్కరే పడిపోయిన తరువాత కూడా అది ధర్మరాజు వెంటనే ఉన్నది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలను పెంచేవారికి స్వర్గంలో చోటు లేదని, వారి పుణ్యఫలాన్ని క్రోధవశులనే గణాలు హరిస్తాయని చెప్పినప్పుడు, భక్తితో వెంట వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం తనకు అక్కరలేదని ధర్మరాజు నిలబడ్డాడు. ఆయన అలా నిలబడటానికి మూలగ్రంథం ఆనృశంస్యం అనే గుణాన్ని కారణంగా చూపుతుంది. ఆనృశంస్యమంటే క్రూరత్వం లేకపోవడం, ఇంకా సరిగా చెప్పాలంటే తనమీద ఆధారపడినవారి పట్ల మనసు గట్టిపడకుండా చూసుకోవడం. అరణ్యపర్వంలో యక్షుడు పరమధర్మమేదని అడిగినప్పుడు కూడా ధర్మరాజు చెప్పిన జవాబు ఇదే.

అహింసకూ ఆనృశంస్యానికీ ఉన్న తేడా ఇక్కడ చాలా ముఖ్యం. అహింసను నిరపేక్షంగా, అంటే ఏ మినహాయింపూ లేకుండా తీసుకుంటే దాన్ని లోకంలో మసలే మనిషి పూర్తిగా పాటించలేడు. అదే అరణ్యపర్వంలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణునికి దున్నే నాగలి కింద, నడిచే పాదం కింద చచ్చే ప్రాణులను చూపి ఈ సంగతే చెప్పాడు. కుక్కను పెంచేవాడు దాన్ని ఏదో ఒక విధంగా కట్టక తప్పదు. బస్సులు తిరిగే రోడ్డు మీద, పిల్లలు ఆడుకునే అపార్ట్‌మెంటు ఆవరణలో 50 కిలోల రాట్‌వైలర్‌ను వదిలిపెట్టడం ఆ కుక్క పట్లా ఇతరుల పట్లా బాధ్యతారాహిత్యమే. కాబట్టి తాడు వాడటమే తప్పు అనే వాదం ధర్మానికి మేలు చేయదు. అది అసలు అడగవలసిన ప్రశ్నను దాటవేస్తుంది. కట్టినవాడు కట్టుబడిన ప్రాణి పట్ల క్రూరుడు కాకుండా ఎలా ఉండగలడన్నదే ఆనృశంస్యం అడిగే ప్రశ్న.

ఈ ప్రశ్నకు అతి సూక్ష్మమైన జవాబు జైన ఆచారశాస్త్రంలో దొరుకుతుంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రమత్తయోగం వల్ల ప్రాణాలకు కలిగే హానిని హింస అన్నది. ప్రమత్తయోగమంటే రాగద్వేషాలకు లోబడి, ఏమరుపాటుతో మనసూ మాటా శరీరమూ చేసే ప్రవర్తన. అదే గ్రంథం గృహస్థు స్వీకరించే అహింసాణువ్రతానికి ఐదు అతిచారాలను చెప్పింది. అణువ్రతం సన్న్యాసి పాటించే మహావ్రతానికి గృహస్థు శక్తికి తగినట్టు తగ్గించిన రూపం. అతిచారం వ్రతాన్ని పూర్తిగా భంగపరచకుండానే దానికి మచ్చ తెచ్చే పని. ఆ ఐదూ ఇవి: బంధం, అంటే కట్టివేయడం, వధ, అంటే ఇక్కడ కొట్టడం, ఛేదం, అంటే అవయవాలను కోయడం, అతిభారారోపణం, అంటే మోయలేని బరువు వేయడం, అన్నపాననిరోధం, అంటే తిండీ నీరూ అందకుండా చేయడం. పశువులను పెంచే ఇళ్లలో రోజూ జరిగే పనులను దగ్గరగా చూసినవారు తయారుచేసిన జాబితా ఇది. అందులో మొట్టమొదటి మాట కట్టివేయడమే కావడం కుక్కను పెంచేవారు ఆగి ఆలోచించవలసిన విషయం.

శ్వేతాంబర సంప్రదాయంలో శ్రావకాచారాన్ని, అంటే గృహస్థధర్మాన్ని వివరించిన వ్యాఖ్యాతలు ఈ బంధాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. ప్రయోజనం లేని బంధం ఎన్నడూ కూడదన్నారు. ప్రయోజనం ఉన్న బంధాన్ని మళ్లీ రెండుగా విడదీశారు: కట్టిన ప్రాణి ఏమైపోతుందో చూడకుండా కదలకుండా బిగించి కట్టడం నిరపేక్షబంధం, దాని బాగోగులు దృష్టిలో ఉంచుకొని, ఇంటికి నిప్పంటుకుంటే విప్పడానికో కోయడానికో వీలుగా వదులు ముడితో కట్టడం సాపేక్షబంధం. మొదటిది నిషిద్ధం, రెండవది గృహస్థుకు అనుమతించినది. అన్నిటికన్నా మేలైనది మాత్రం, కట్టకుండానే నిలిచి ఉండే ప్రాణులను మాత్రమే దగ్గర పెట్టుకోవడమని కూడా వారన్నారు. నిప్పంటుకున్న రాత్రి పలుపు విప్పే చేతిని ఊహించి ముడి ఎలా ఉండాలో చెప్పిన ఈ శాస్త్రకారుల శ్రద్ధ అసాధారణమైనది. కరుణను మనసులోని భావంగా వదిలేయకుండా తాడు ముడిలోకి తెచ్చిన ఘనత వారిదే.

ప్రమత్తయోగాన్ని చెప్పిన సూత్రాన్నీ బంధాన్ని విడదీసిన ఈ వివరణనూ కలిపి చదివితే పరికరాల పరీక్షకు ఒక గీటురాయి దొరుకుతుంది. హింసకు మూలం ప్రమత్తయోగమైతే, మనిషి ఏమరుపాటులో ఉన్న క్షణంలో కూడా హాని చేయని పరికరమే ధర్మసమ్మతమైనది. చేయి నేర్పుతో, శాంతంగా ఉన్నప్పుడు మాత్రమే నిరపాయంగా ఉండి, చేయి విసిగినప్పుడు గాయపరిచేది ఎంత ప్రసిద్ధమైనదైనా తిరస్కరించదగినది. ఆఫీసుకు ఆలస్యమవుతున్న ఉదయం, ఫోను చెవికి ఆనించుకొని నడుస్తున్న సాయంత్రం, ఎదురింటి కుక్క మొరిగినందుకు పెంపుడు కుక్క ఒక్కసారిగా దూకినప్పుడు కలిగిన సిగ్గు, కోపం, ఇవన్నీ ప్రమత్తయోగానికి నిత్యజీవితంలో కనిపించే రూపాలే. మెడపట్టీని ఆ క్షణాలను దృష్టిలో పెట్టుకొని కొనాలి.

చోక్ చైన్ ఈ పరీక్షలో మొదటనే ఓడిపోతుంది. అది ఒక కొసనున్న ఉంగరం గుండా జారే ఇనుప గొలుసు. లాగిన కొద్దీ మెడ చుట్టూ బిగుస్తుంది, వదిలితే సడలుతుందని చెబుతారు. అయితే దాన్ని తిరగేసి తొడిగితే తాడు వదులైనా గొలుసు సడలదు. సరిగా తొడిగినా, లాగడం మానని కుక్కకు సడలే క్షణమే రాదు, ఎంతవరకు బిగియాలన్న హద్దు ఆ పరికరంలో ఎక్కడా లేదు. నిరపేక్షబంధమన్న మాటకు ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకడం కష్టం. లోపలివైపుకు తిరిగిన ఉక్కు ముళ్లుండే ప్రాంగ్ కాలర్ బిగుతును గుచ్చుడుగా మారుస్తుంది. మెడకు విద్యుత్ తాకిడి ఇచ్చే షాక్ కాలర్ విషయం మరీ కలవరపెట్టేది, ఎందుకంటే తాడు గుంజినవాడి చేతికి కనీసం తాను వాడిన బలమైనా తెలుస్తుంది, దూరం నుంచి మీట నొక్కినవాడి వేలికి ఏమీ తెలియదు. తాను కలిగించిన బాధ తనకు ఏ రూపంలోనూ తిరిగి రాని ఏర్పాటులో మనసు గట్టిపడటం అతి తేలిక. వేల్స్ 2010లో షాక్ కాలర్లను నిషేధించింది. జర్మనీ 2022 ఆరంభం నుంచి కుక్కల శిక్షణలో ముళ్ల కాలర్లను నిషేధించింది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో, ముఖ్యంగా 1910లో జర్మన్ శిక్షకుడు కొన్రాడ్ మోస్ట్ ప్రచురించిన గ్రంథం ద్వారా, పోలీసు కుక్కలకూ సైన్యపు కుక్కలకూ వాడిన నిర్బంధ శిక్షణ ఇళ్లలోకి ప్రవేశించిందన్న సంగతి గుర్తుంటే, అదే దేశం ఇప్పుడు ఇలా వెనక్కి తిరగడం విలువ తెలుస్తుంది.

ఇక్కడ ఒక గంభీరమైన ఆక్షేపణ ఉన్నది. క్షణకాలపు నొప్పి కుక్కను లారీ కింద పడకుండా కాపాడితే, ఒక వృద్ధురాలు కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోకుండా ఆపితే, ఆ నొప్పి వైద్యుడు వేసే సూదిపోటు వంటిదే కదా అని వాదించేవారున్నారు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టివేయరాదు, ఎందుకంటే లాగే కుక్క వల్ల మనుషులు నిజంగానే గాయపడతారు. అయితే వైద్యుని చర్య రెండు షరతుల మీద నిలుస్తుంది: అంతకన్నా తక్కువ బాధతో అదే ఫలం ఇచ్చే మార్గం లేకపోవడం, కలిగించిన బాధ రోగానికే తగిలి మరోచోటికి పాకకపోవడం. ఈ రెండూ ఇక్కడ లేవు.

రెండవ షరతు విషయంలో న్యాయదర్శనం తోడ్పడుతుంది. గౌతముని న్యాయసూత్రాలు ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం అనే ఆరింటిని ఆత్మకు లింగాలుగా, అంటే ఆత్మ ఉన్నదని ఊహించడానికి గుర్తులుగా చెప్పాయి. వాసన వైపు పోవాలన్న కోరికా, అందుకోసం మెడ బిగించి చేసే పెనుగులాటా, ఆపితే కలిగే బాధా లాగే కుక్కలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పదిహేడవ శతాబ్దిలో జంతువులను యంత్రాలుగా భావించిన ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌కు భిన్నంగా, ఈ దర్శనం లెక్కలో గొలుసు అవతలి కొసన ఉన్నది అనుభవించే కర్తే. ఆ కర్తకు ముళ్లు గుచ్చుకున్నప్పుడు కలిగే ద్వేషం దేని మీద నిలుస్తుందో నిర్ణయించడం మనిషి చేతిలో లేదు. నడకకూ నొప్పికీ ఉన్న సంబంధాన్ని అది గ్రహించకుండా, ఆ క్షణంలో కంటి ముందున్నదానితో, సైకిలు మీద పోతున్న పిల్లవాడితోనో అవతలి కుక్కతోనో, నొప్పిని ముడిపెట్టుకోవచ్చు. నొప్పి మీద ఆధారపడిన శిక్షణలో భయమూ కరిచే స్వభావమూ పెరిగే ప్రమాదముందని పశుప్రవర్తన శాస్త్రజ్ఞులు హెచ్చరించడానికి కారణం ఇదే. ఇచ్ఛ ఉన్నచోట ద్వేషాన్ని నాటి దాన్ని క్రమశిక్షణ అనుకోవడం ఆ ప్రాణిని మరింత ప్రమాదకరం చేయడమే.

మొదటి షరతు కూడా నిలవదు, ఎందుకంటే తక్కువ బాధతో పనిచేసే మార్గాలు అందుబాటులోనే ఉన్నాయి. హార్నెస్ అనేది బరువును మెడ మీదినుంచి ఛాతీకీ భుజాలకూ మార్చే పట్టీల జోడు. అయితే ఏ హార్నెస్ అయినా సరిపోతుందని అనుకోవడం పొరపాటు. తాడు తగిలించే ఉంగరం వీపు మీద ఉన్న హార్నెస్ లాగే కుక్కకు సౌఖ్యమిచ్చి ఇంకా గట్టిగా లాగనిస్తుంది. మంచుప్రాంతాల్లో బండి లాగే కుక్కలకు తొడిగేది ఈ తరహాదే. ఉంగరం ఛాతీ మధ్యలో ఉంటే, కుక్క ముందుకు దూకినప్పుడు దాని శరీరం యజమాని వైపుకు తిరుగుతుంది. బలాన్ని ఎదిరించకుండా దిక్కు మార్చడం దీని కిటుకు. ముందు పట్టీలు రెండూ భుజాల కదలికకు అడ్డురాకుండా దిగి, రొమ్ముఎముక మీద కలవాలి. భుజాలకు అడ్డంగా సాగే పట్టీ ఉన్నది వద్దు. ముందుకాలి సందుకు పట్టీ ఒరుసుకోకూడదు, పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మూతి చుట్టూ, చెవుల వెనుకా చుట్టుకునే హెడ్ హాల్టర్ తల దిక్కును మార్చి చిన్న బలంతో పెద్ద కుక్కను తిప్పగలదు. బలహీనమైన చేతులకు అది అక్కరకు రావచ్చు. కాని దాన్ని తిండి చూపిస్తూ రోజుల తరబడి అలవాటు చేయాలి, పొడవైన తాడుతో ఎన్నడూ వాడకూడదు, ఎందుకంటే పరుగు మీదున్న కుక్క తాడు కొసకు చేరిన క్షణాన మెడ మెలిపడుతుంది. ఏమరుపాటు పరీక్షలో అది హార్నెస్‌కన్నా కింది మెట్టుమీదనే ఉంటుంది. ముధోల్ వేటకుక్క వంటి, తల మెడకన్నా సన్నగా ఉండే జాతులకు మాత్రం ఒక హద్దు వరకే బిగిసి ఆగే మార్టింగేల్ పట్టీ, తల జారిపోకుండా ఉండటానికి, పనికివస్తుంది. కొనేటప్పుడు ఆ హద్దు మెడ కొలతకన్నా తక్కువ కాకుండా సరిచూసుకోవాలి. వెడల్పైన మామూలు మెడపట్టీ చిరునామా బిళ్ల కోసం ఉండనే ఉండాలి, తాడు మాత్రం దానికి తగిలించనక్కరలేదు.

తాడు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవున్న, చేతికి నిండుగా అందే చదునైన తోలుదో నూలుదో పట్టీ మేలు. నైలాను బలమైనదే అయినా జారినప్పుడు అరచేతిని కాలుస్తుంది. ఇనుప గొలుసు బరువు కుక్క మెడమీదా, గుంజు మనిషి వేళ్లమీదా పడతాయి. పిడిలోంచి సాగే సన్నని తాడు ఎప్పుడూ కొంత బిగువుతోనే ఉండి, బిగువే మామూలని కుక్కకు నేర్పుతుంది కనుక లాగే కుక్కకు తగదు.

ఏ పరికరమైనా తనంతట తాను నడక నేర్పదు. తాడు బిగిసిన క్షణంలో మనిషి ఆగిపోవడం, సడలిన క్షణంలో నడవడం, పక్కన నడిచిన నాలుగు అడుగులకు ఒక మెతుకు ఇవ్వడం, వాసన చూడటానికి తీరిక ఇవ్వడం, ఇవే నేర్పుతాయి. ఇది వారాలు పట్టే పని. మొదటి రోజుల్లో వీధి చివరికైనా చేరకుండా ఇంటికి తిరిగి రావలసి ఉంటుంది. ఈ శిక్షణలో తాడు బిగుస్తున్నకొద్దీ విఫలమవుతుంది, వదులుగా వేలాడుతున్నకొద్దీ ఫలిస్తుంది. జైన వ్యాఖ్యాతలు అనుమతించిన వదులు ముడి ఇక్కడ నడకలో ప్రత్యక్షమవుతుంది, కట్టకుండానే నిలిచే ప్రాణి అన్న వారి ఆదర్శానికి దారి ఇదొక్కటే.

అధికారం ఎవరిదన్న ప్రశ్నకు శైవసిద్ధాంతం ఒక మెలకువ చెబుతుంది. ఆ దర్శనంలో పశువు అంటే బద్ధజీవుడు, పాశం అంటే బంధం, పతి అంటే ఆ బంధాన్ని విప్పగల శివుడు. బ్రహ్మ మొదలు చెట్టుచేమల వరకు జీవులన్నీ పశువులే కనుక గొలుసు రెండు కొసలా ఉన్నవి పశువులే. పతి స్థానం మనిషికి దక్కదు. జీవుడు పండే వరకు పాశాన్ని నిలిపి ఉంచే తిరోధానశక్తి కూడా జీవుని మేలు కోసమే పనిచేస్తుందని ఈ దర్శనం చెబుతుంది. బంధానికి ఈశ్వరుని విషయంలోనే కట్టుబడినవాడి హితం ప్రమాణమైనప్పుడు, తానూ బద్ధుడైన మనిషి మరొక బద్ధజీవి మెడకు పట్టీ వేసి దాన్ని తన ఆధిపత్యానికి గుర్తుగా చూసుకోవడం శైవుని దృష్టిలో అజ్ఞానమే అవుతుంది.

భారతదేశపు చట్టం కూడా ఈ హితాన్ని కొంతవరకు గుర్తించింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించిన నేల ఇది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం ప్రాణుల పట్ల దయను పౌరుని విధుల్లో ఒకటిగా చెప్పింది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960, పదకొండవ సెక్షన్ మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో ఎక్కువసేపు కట్టివేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని కూడా అదే సెక్షన్ నేరాల జాబితాలో చేర్చింది. చట్టం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం చాలా సరైన పని, ఎందుకంటే రోజంతా బాల్కనీలో కట్టి ఉన్న లాబ్రడార్ సాయంత్రం పది నిమిషాల నడకలో లాగకుండా ఉండాలని కోరడం న్యాయం కాదు.

అందువల్ల ఇంట్లో చోక్ చైనో ముళ్ల కాలరో ఉన్నవారు దాన్ని తీసివేసి, ఛాతీమీద ఉంగరమున్న హార్నెస్‌నూ రెండు మీటర్ల పట్టీనీ కొనాలి, మెడ వాచినా దగ్గు తగ్గకపోయినా పశువైద్యునికి చూపించాలి. ఇంకా కుక్కను తెచ్చుకోనివారు తాడు ధర అడగడానికి ముందు, రోజుకు రెండు పూటలా దాన్ని నడిపించే తీరికా ఓపికా తమకు ఉన్నాయా అని చూసుకోవాలి. లేనివారు పెద్ద జాతి కుక్కను పెంచకూడదు.